బకెట్‌లోకి రాని ఆవిరి

మా ఆయనకు బ్యాంకులో ప్రోగ్రామర్ ఉద్యోగం రావడంతో సింగపూర్ వెళ్ళాను. నా మెకానికల్ డిగ్రీని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. "జావా నేర్చుకో, నెలలో ఉద్యోగం" అని అందరూ చెప్పే రోజులవి. పాసిర్ రిస్‌లో మా పై అంతస్తు అంకుల్ ఒక్కరే నన్ను ఇంజనీరుగా చూశారు. కాకినాడ మనిషి. ఓడల ఇంజన్ గదుల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆంగ్ మో కియోలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, రెక్కలు లేని ఆవిరి టర్బైన్ ఒకటి తయారుచేశారు.

ఒకే షాఫ్ట్ మీద పలచని ఉక్కు పళ్ళేలు, వాటి మధ్య గోరు మందం సందు. ఆవిరి అంచు దగ్గర దూరి, సుడులు తిరుగుతూ నడిమి నుంచి బయటపడేది. ఆ రాపిడికే పళ్ళేలు తిరిగేవి. ఒక కంపెనీ ఆసక్తి చూపింది. ఎంత ఆవిరికి ఎంత పని చేస్తుందో పరీక్షించి రిపోర్టు పంపమంది. ఆ పని అంకుల్ నాకు అప్పగించారు.

ఎంత పని చేస్తుందో కొలవడానికి షాఫ్ట్ చివరి చక్రానికి తాడు బ్రేకు కట్టాను. బయటికొచ్చిన ఆవిరిని చల్లార్చి, ఆ నీళ్ళను బకెట్‌లో పట్టి తూచాను. మొదటి రోజు లెక్కను అంకుల్ రెండుసార్లు చదివారు. "చూశావా అమ్మాయ్! రెక్కలున్నవాటికేం తీసిపోలేదు" అంటూ ఆంటీకి ఫోన్ చేశారు.

రెండో రోజు షాఫ్ట్ పక్కన వంగితే మోచేతికి చురుక్కుమంది. షాఫ్ట్ చుట్టూ బిగించిన సీలు సందుల్లోంచి ఆవిరి పోతోంది. అది బకెట్‌లోకి రావడమే లేదు. రేకు తొడుగు, గొట్టం అమర్చి దాన్నీ పట్టాను. నీళ్ళు రెండింతలయ్యాయి. కిలో ఆవిరికి ఎంత పని అన్న నిన్నటి అంకె సగానికి పడిపోయింది.

"కారిపోయిన ఆవిరి పనే చెయ్యలేదు కదమ్మా, దాన్నెందుకు కలుపుతున్నావ్?"

"బాయిలర్ దాన్నీ కాచింది కదంకుల్."

ఆయన వాల్వు ఇంకా తిప్పారు. "వేగం పెరిగితే అంకె పెరుగుద్ది."

"వద్దంకుల్" అన్నానే గాని చెయ్యి పట్టుకోలేదు. లోపల ఇనుము కీచుమని అరిచింది. ఆవిరి కట్టేసి, చల్లారాక విప్పాం. పళ్ళేలు వేయించిన అప్పడాల్లా వంకర్లు పోయాయి. ఒకటి అంచు దగ్గర చిరిగింది.

చిరిగిన పళ్ళేన్ని పక్కన పెట్టి అంకుల్ అన్నారు: "రాసెయ్. నువ్వు తూచిందే రాయి. దొంగ లెక్క నమ్మి ఇంకో మనిషి దీని పక్కన నిలబడకూడదు."

రాశాను. కంపెనీ జవాబు ఇవ్వలేదు. అంకుల్ షెడ్డు ఖాళీ చేసి, మంచం పట్టారు. నేను జావా క్లాసులో చేరాను. ఒక ఆదివారం ఆంటీ వచ్చి, ఆయన రమ్మంటున్నారని చెప్పారు.

వెళ్ళి మంచం పక్కనే కూర్చున్నాను. "పళ్ళేలు ఆ వేడికీ వేగానికీ ఆగవని నీకు ముందే తెలుసామ్మా?"

మొదటి రోజు, బిగించకముందు, పళ్ళేల పలచదనం చేత్తో తడిమినప్పుడే అనుమానం వచ్చింది. ఆయన సంతోషం చూసి నోరు మెదపలేదు.

"తెలీదంకుల్" అన్నాను.

తల ఊపి గోడవైపు తిరిగారు. ఆ ఏటి వర్షాలు ఆగకముందే పోయారు.