రావల్కోల్ అవ్వ కేకలు

నా భార్య చనిపోయిన ఏడాది, అంతర్జాతీయ జూనియర్ బ్యాడ్మింటన్ పోటీకి మా అమ్మాయి లతను శ్రీకాకుళం నుంచి శామీర్‌పేటకు తీసుకెళ్లాను. ప్రత్యర్థి స్వప్నది పక్కనున్న రావల్కోల్. ఆమె కోసం ఊరంతా వచ్చింది. లతకు నేనొక్కణ్నే, అదీ నోరు మెదపకుండా.

నా పక్కన స్వప్న నాయనమ్మ కూర్చుంది. లతను చూపిస్తూ అడిగింది.

"గా పిల్ల తల్లేది సారూ?"

"లేదమ్మా."

ఆవిడ వెంటనే లేచి, "లతా, కొట్టు బిడ్డా!" అని అరిచింది.

స్వప్న ఆట ఆపి, "అవ్వా, నేనిటున్న!" అంది.

"నీకు ఊరంత ఉన్నది గదనే, ఆడు!"

స్వప్న ఓడిపోతూ వచ్చింది. ఊరివాళ్లు చల్లబడ్డారు. అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. "మావోళ్లు సప్పుడు జేస్తలేరు. జల్దీ, నువ్వన్న కేకెయ్యి సారూ!"

నా భార్య పోయాక మొదటిసారి గట్టిగా, "స్వప్నా, కొట్టమ్మా!" అని అరిచాను.

గెలిచాక లత నా దగ్గరకు రాలేదు. నేరుగా వచ్చి, తన కోసం అరిచిన అవ్వకు అటుపక్కన కూర్చుంది.