ఆదివారం వీచని గాలి

మా బావది గాలి కొలిచే ఉద్యోగం. మొదటిసారి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించారు.

నిజానికి గౌరవమైన పనే. ఊళ్లో మేడల మీద గాలిమరలు పెడితే కరెంటు పుడుతుందా లేదా అన్నది ఆర్నెల్లు కొలిచి, కంపెనీకి తేల్చి చెప్పాలి. ఎవర్నీ బతిమాలే పని లేకుండా యంత్రాన్ని మా డాబా మీదే బిగించాడు. నిలువెత్తు గొట్టం, దాని కొసన గాలికి తిరిగే మూడు చిన్న గిన్నెలు. గాలి చాలదని తేలితే ఇక్కడి ఆఫీసు మూసేస్తారని, తన ఉద్యోగమూ పోతుందని భోజనాల దగ్గర అక్కతో అన్నాడు. వడ్డిస్తున్న మా అమ్మ విన్నది.

బావ మహా నిదానస్తుడు. టీ చల్లారిందని చెప్పడానికి కూడా మూడుసార్లు ముట్టుకుని చూస్తాడు. అలాంటివాడు అయిదో నెలలో లెక్కల కాగితాలు పట్టుకుని తెల్లమొహం వేశాడు. చుట్టూ ఆరంతస్తుల మేడలు అడ్డం. అయినా మా డాబా మీద పొద్దున్న పది నుంచి సాయంత్రం అయిదు దాకా గాలి దంచేస్తోంది. ఆదివారం మాత్రం సెలవు. పైగా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా గాలీ ఠక్కున ఆగిపోతోంది. మేనేజరుకి ఇవేవీ పట్టలేదు. సగటు బాగుందని ఫోన్లో మెచ్చుకున్నాడు.

ఓ మంగళవారం బావ ఇంట్లో చెప్పకుండా సెలవు పెట్టి డాబా ఎక్కాడు, వెనకే నేనూ. గొట్టానికి ఎదురుగా ఎత్తు స్టూలు, దానిమీద హాల్లో ఉండాల్సిన టేబుల్ ఫ్యాను, పక్కన గొడుగు కింద బఠాణీలు ఒలుస్తూ మా అమ్మ.

"ఆ గిన్నెలు ఎంతసేపు చూసినా తిరగట్లేదు అల్లుడుగారూ," అంది అమ్మ తల దించుకుని. "మీ ఉద్యోగం పోతుందేమోనని..."

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కరెంటు పుట్టించాల్సిన గాలిని కరెంటు పెట్టి పుట్టిస్తోంది మహాతల్లి. బావ ఫ్యాను ఆపి, వైరు చుట్టి, కిందికి మోసుకొచ్చాడు.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. అక్క ఆ మాటే అంది. బావ రెండ్రోజులు సరిగ్గా తినలేదు. మూడోరోజు ఫ్యాను తిరిగిన గంటలన్నీ కొట్టేసి, ఇక్కడ గాలి చాలదని రిపోర్టు పంపాడు. నెల తిరిగేసరికి ఆఫీసుకి తాళం పడింది.

అమ్మ బావ ఎదుటికి రావడమే మానేసింది. ఓరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, ఆ రిపోర్టు నకలు చేతిలో పెట్టి, అందులో తన గురించి ఏం రాశారో చదవమంది. కొట్టేసిన లెక్కలకి కారణం రాయాల్సిన గడిలో బావ చేతిరాత ఉంది. చదివాను.

"ఇంట్లోవాళ్ల ప్రేమ వల్ల కొలతలు చెడ్డాయి."

అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి చదవరా," అంది.