గుర్రం మొగ్గిన వైపు

ఆ ఉదయం మాధవరం గుర్రపుశాలలో ఉన్నవి: కాలి దెబ్బ నుంచి కోలుకుంటున్న ఆడగుర్రం, నేను తయారుచేసిన ఊగే బల్ల, దాని కింద బరువు చూపే సెన్సర్లు, నా ల్యాప్‌టాప్. మనుషులం నేను, ఆమె.

ఆమె గుర్రాల ఫిజియోథెరపిస్టు. తరతరాలుగా చింతాద్రిపేటలో ఉంటున్న తెలుగింటి అమ్మాయి. కొత్త పరికరం ఏదొచ్చినా గుర్రం కంటే ముందు తనే చెప్పులు విడిచి ఎక్కేది. కళ్ళు మూసుకుని కాసేపు ఊగి, దిగి, గుర్రం మెడ నిమురుతూ అనేది: "నేల ఈడనే ఉండాది కన్నా. యాడికీ పోదు."

నేను క్యారెట్లు చూపించి బతిమాలినా కదలని గుర్రం ఆ ఒక్క మాటకు బల్లెక్కింది. నాకు ఒళ్ళు మండింది. బల్ల కట్టింది నేను.

తెర మీద బరువు ఎడమకే ఎక్కువగా పడుతోంది. గుర్రానికి రెండు వైపులా సమానంగా నిలబడటం నేర్పాలన్నదే మా ప్రయత్నం. మధ్యాహ్నం వచ్చే గుర్రాల డాక్టరుగారికి ఇదే చూపిస్తే నా బల్ల మూలన పడుతుంది. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ తగిలించాను. ఇంతలో ఎడమవైపున్న ఆమె కుడివైపుకు వచ్చింది. బరువూ కుడికి వచ్చింది.

"సరి, నా మీదికి వాలతా ఉండాది," అని నవ్వింది. "నువ్వొచ్చి పట్టుకో అబ్బా. నీ బల్ల పాసవతాది."

ఆమె బయటికి వెళ్ళింది. నేను పగ్గం పట్టుకుని ఎడమవైపు నిలబడ్డాను, తర్వాత కుడివైపు. మెడ నిమిరాను. ఆమె మాటే ఆమె యాసలోనే చెప్పి చూశాను.

డాక్టరుగారు ఫలితం చూసి నా భుజం తట్టారు. రెండు వైపుల బరువుకీ తేడా సున్నా.