పేజీ రాశాకే ఉత్తరం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలకు హాస్టళ్ల పోస్టర్లు అంటించేవాళ్లు బకెట్లో మైదా జిగురు కలుపుకొని తెస్తారు. నిన్న సాయంత్రం ఆ పులిసిన వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. నర్సింహన్న తన కవర్లన్నీ ఆ జిగురుతోనే అంటించేవాడు.

ఆయనా కథలు రాసేవాడే, ఉండేది మీర్‌పేట్‌లో. బస్సెక్కితే మా ఇంటికి అరగంట. అయినా ఇరవై రెండేళ్లు ఉత్తరాలే రాసుకున్నాం. నా మొదటి కథ అచ్చయినప్పుడు, చివరి పేరా దండగని కార్డు రాశాడు. ఒళ్లు మండి, వాళ్లిల్లు వెతుక్కుంటూ పోయాను. చాయ్ ఇచ్చి, కథ బాగుందన్నాడు. మరి కార్డులో అలా రాశారేమని నిలదీశాను.

"మొకం చూసినంక ఎవరైనా మంచిగుందనే అంటరు తమ్మీ. కాయితం మీదనైతే నిజం చెప్పొచ్చు."

ఆ రోజే ఒప్పందం కుదిరింది. కథల సంగతి ఉత్తరాల్లోనే మాట్లాడుకోవాలి. ఇంకో షరతు ఆయనది: ఆ రోజుకు ఒక పేజీ రాశాకే ఎదుటివాడి కవరు విప్పాలి. ముందే చదివితే ఆ ధ్యాసలో పడి సొంత రాత మూలన పడుతుందని ఆయన భయం. ఆయన కవరు విప్పాలన్న ఆశతోనే ఎన్నో పేజీలు రాశాను. నా పుస్తకాలన్నీ అలా వచ్చినవే.

పోయిన వానాకాలం నా రాత ఆగిపోయింది. ఒక వాక్యం రాయడం, కొట్టేయడం. అప్పుడే ఆయన కవరు వచ్చింది. పేజీ అయ్యాక చూద్దామని బల్ల మీద పెట్టాను. పేజీ కాలేదు. పన్నెండు రోజులు దాని మీద దుమ్ము తుడిచాను కానీ విప్పలేదు. నియమం కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి, విప్పితే జవాబు రాయాలి; రాయలేకపోతున్నానని ఆయనకు తెలియడం నాకు నామోషీ.

పదమూడో రోజు వదిన ఫోన్ చేసింది. నర్సింహన్న పోయాడు. అప్పుడు చించాను కవరు. వంకర అక్షరాలతో నాలుగే లైన్లు. ఎల్‌బీ నగర్‌లో దవాఖానలో చేరుతున్నాడట. "ఈసారి కథ ముచ్చట కాదు. జర ఒక్కసారి ఒచ్చి పో, నిన్ను చూడాలనుంది." ఫోన్ చేయొచ్చు కదా అని ముందు ఆయన మీదే కోపమొచ్చింది.

పెద్దకర్మ నాడు వదిన నన్ను పక్కకు పిలిచింది. "నేను ఫోన్ చేస్తనంటే ఒద్దన్నడు తమ్మీ. వాడు రాస్తుండొచ్చు, చెడగొట్టకు, పేజీ అయినంక వాడే ఒస్తడు అన్నడు. తలుపు దిక్కే చూసుకుంట పండేటోడు."

వెళ్లొస్తానని చెప్పులు వేసుకుంటుంటే మళ్లీ అంది.

"అప్పుడు రాస్తుంటివి గదా, గా కథ అచ్చయితే నాకొకటి తెచ్చియ్యి. ఆయన ఫొటో కాడ పెట్టుకుంట."

అలాగేనన్నాను. ఆ మాటకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేసి, అచ్చయిందా అని అడుగుతుంది. వచ్చే నెల వస్తుందంటాను. నిజం కాగితం మీదే చెప్పాలని మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టాను. "వదినా" అన్న మాట దాటి కలం కదల్లేదు.