సీలు విప్పిన కచేరీ

రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగే అలవాటు మా వైపు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, వాళ్ళింట్లో టీవీ ఉండి ఉండదని నా అనుమానం. కొన్న రోజున ఆ కవరు అద్దంలా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి వేళ్ళ జిడ్డూ, పౌడరూ, దుమ్మూ కలిసి లోపల ఉన్నది రిమోటో సబ్బుబిళ్ళో తెలియకుండా పోతుంది. అంకెలు కనపడవు. నొక్కింది ఒకటైతే జరిగేది ఇంకొకటి. అయినా తియ్యరు. తీస్తే రిమోటు పాడైపోతుందంటారు. మనుషులు వాడకుండా రిమోటును కాపాడటమే ఉద్దేశమైతే, ఆ కవరు తన పని తాను సంపూర్ణంగా చేస్తోందని ఒప్పుకోవాలి.

నందిగామలో మా అక్క వాళ్ళింట్లో రిమోటుకే కాదు, మిక్సీకీ, సోఫాకీ, ఫ్రిజ్ తలుపు పిడికీ కూడా తొడుగులున్నాయి. ఆ తొడుగులన్నిటి వెనకా మా బావ ఉన్నాడు. మంచి వస్తువును మంచి రోజు కోసం దాచాలనేది ఆయన సిద్ధాంతం. మంచి రోజు ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

బావ సర్వీసంతా సిమెంటు ఫ్యాక్టరీలో, మిల్లు హోరు పక్కనే గడిచింది. అప్పట్లో వాళ్ళు జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళు. నేను వాళ్ళింట్లో ఉండి డిగ్రీ చదివాను. ఇప్పుడు వాళ్ళు నందిగామలో స్థిరపడ్డారు, నేను పేటలోనే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ మిగిలాను. ఆ రోజుల్లో బావ డ్యూటీ నుంచి వచ్చి, ఒంటి మీద బూడిద కడుక్కుని, టేప్‌రికార్డర్ ముందు కూర్చునేవాడు. ఒక ఇంగ్లీషు రాక్ బృందం క్యాసెట్ ఆయనకు ప్రాణం. ఆ బృందం పేరు చెప్పను. చెప్పినా పేటలో తెలిసినవాళ్ళు బహుశా ఇద్దరే, ఆ ఇద్దరమూ మేమే. ఆయన డిప్లొమా, నేను డిగ్రీ. రెండు చదువులూ కలిపినా ఆ పాటల్లో సగం మాటలే అర్థమయ్యేవి. మిగతా సగం మేమే రాసుకున్నాం.

ఒకరోజు ఆ టేపు మిషన్లో చుట్టుకుపోయింది. బావ నలిగిన ముక్క కత్తిరించి, రెండు కొసలనూ అక్క గోళ్ళరంగుతో అతికించాడు. అప్పటినుంచి మూడో పాటలో, గిటారు పైకి ఎక్కే చోట, ఒక గెంతు. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్న స్వరం రెండు మెట్లు వదిలేసి ఒక్కసారిగా పైన తేలేది. మేం తాళం వేస్తున్నా, పాడుతున్నా ఆ గెంతుతో సహానే. చాలా ఏళ్ళ తర్వాత అదే పాటను ఇంకెక్కడో పూర్తిగా విన్నప్పుడు, ఎవరో మధ్యలో అనవసరంగా ఏదో కలిపారనిపించింది నాకు.

ఆ బృందం వాళ్ళు ముసలివాళ్ళయ్యాక పెద్ద ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన కచేరీ డీవీడీ ఒకటి బావ హైదరాబాదులో కొన్నాడు. అసలు సిసలు కంపెనీ సరుకు, పైన పల్చటి సీలు కాగితంతో. పేటకు తెచ్చి నాకు చూపించాడు. చూపించడమంటే అట్ట చూపించడం.

"పెట్టు బావా, చూద్దాం."

"ఈ టీవీ స్పీకర్లకా? అరవై మంది వయొలిన్లు వాయించేది అగ్గిపెట్టెలోంచి వింటావా? ఇల్లు కట్టనీ."

ఇల్లు కట్టాడు. "మంచి స్పీకర్లు కొననీ" అన్నాడు. కొన్నాడు. అవి థర్మకోల్ మధ్య, అట్టపెట్టెలో, అటక మీద సుఖంగా ఉండిపోయాయి. "రిటైరవనీరా, తీరిగ్గా వినాలి అది" అన్నాడు. రిటైరయ్యాడు. ఏ కారణానికీ వంక పెట్టడానికి లేదు. ఆయన కారణాలన్నీ అలాగే ఉండేవి.

ఈలోగా చెవులు ఆయన కోసం ఆగలేదు.

మొదట తెలిసింది చర్చిలో. బావ ఎప్పుడూ క్వైర్లో వెనక వరస, మంద్రస్వరం. ఒక ఆదివారం కీర్తన అయిపోయింది, అందరూ కూర్చుంటున్నారు, ఆయన గొంతు ఒక్కటే ఇంకో చరణం పాడింది. ఆయన చరణం పూర్తయ్యేదాకా పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టకుండా కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆ మర్యాదే బావను ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను. మరుసటి వారం నుంచి క్వైర్లో నిలబడ్డాడు గానీ పెదాలు మాత్రమే కదిపాడు.

తర్వాత హైవే. మందులషాపుకని రోడ్డు దాటుతుంటే వెనక లారీవాడు హారన్ కొడుతూనే ఉన్నాడట. ఈయన అటు తిరగనే లేదు. లారీ ఎంత దగ్గరగా ఆగిందంటే, డ్రైవరు దిగొచ్చి తిట్టడం మానేసి మంచినీళ్ళు తాగించాడట. అక్క అప్పటినుంచి ఆయన్ని ఒంటరిగా గేటు దాటనివ్వడం లేదు. విజయవాడలో డాక్టరు చూసి, ఒక చెవి దాదాపు పోయిందనీ, రెండోది అదే దారిలో ఉందనీ, చెవి మిషన్ ఇప్పుడే పెట్టుకుంటే మాటలు దక్కుతాయనీ, ఆలస్యం చేస్తే మిషన్ పెట్టినా మెదడుకు మాట అందదనీ చెప్పాడు. బావ వద్దన్నాడు.

"దాంతో మాటలు వినపడతయ్ రా, పాట వినపడదంట. రేకు మీద గులకరాళ్ళు పోసినట్టుంటదంట" అన్నాడు నాతో.

"ఎవరు చెప్పారు?"

"టీ కొట్టు దగ్గర."

డాక్టరు కంటే టీ కొట్టును ఎక్కువ నమ్మేవాళ్ళలో మా బావ మొదటివాడు కాదు కనుక నేను వాదించలేదు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "మీ బావ పందెం కట్టాడ్రా. ఆ డిస్కు విప్పుతాడంట. అది వినపడితే ఇంక ఇంట్లో మిషన్ ఊసెత్తకూడదంట. వినపడకపోతే సోమవారమే బెజవాడ వస్తా పద అంటన్నాడు. మధ్యవర్తివి నువ్వంట."

"నేనెందుకక్కా?"

"నేను చెప్తే ఒప్పుకోడుగా. నువ్వైతే అబద్ధం చెప్పవని ఆయన నమ్మకం. ఎక్కడ పుట్టిందో ఆ నమ్మకం." గొంతు తగ్గించింది. "రాత్రి పక్కనే కూర్చుని ఏడ్చినా తెలియట్లేదురా ఆయనకి. నిజం చెప్పు, అంతే."

డిస్కు ఉంది గానీ ప్లేయర్ లేదు. బావ కొన్నది ఎప్పుడో తుప్పు పట్టింది. పేటంతా తిరిగితే చివరికి పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఆయన దగ్గర ఒకటి దొరికింది.

"దేనికండీ? మీ పెళ్ళి క్యాసెట్ చూసుకుంటారా?"

"కాదండీ, పాటలు."

"పాటలైతే ఫోన్లో వస్తయ్ కదండీ."

ఫోన్లో వస్తాయి. ఆ మాట నేనూ బావకు చెప్పాను. "ఫోన్లో వచ్చేది నేను కొన్నది కాదుగా" అన్నాడు.

ఆదివారం ఆ ప్లేయర్ను తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక పక్క సీటాయన, పసిబిడ్డ అనుకున్నాడో ఏమో, కిటికీ మూశాడు. నేను సరిదిద్దలేదు. మధ్యవర్తిగా వెళ్తున్నవాడికి కాస్త గౌరవం అవసరమే.

ఆరాధన నుంచి వచ్చి బావ బట్టలు కూడా మార్చుకోలేదు. తెల్లచొక్కాతోనే కూర్చున్నాడు. అటక మీది స్పీకర్లు దించాం. వాటి వైర్లను ఎలుకలు మాకంటే ముందే వాడేసుకున్నాయి. అంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా మిగిలింది ఆ టీవీ అగ్గిపెట్టే. బావ ఆ వైర్లను ఒకసారి చూశాడు. పెట్టెను కాలితో మెల్లగా పక్కకు జరిపాడు. గెడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, డీవీడీ అట్ట అంచు వెంట సీలు కాగితాన్ని చిరగకుండా కోశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కుర్చీ టీవీకి బాగా దగ్గరగా, కాస్త ఓరగా వేసుకున్నాడు, మిగిలిన చెవి స్పీకరు వైపు ఉండేట్టు. నేను పక్కన కూర్చున్నాను. కచేరీ మొదలైంది.

ఆర్కెస్ట్రా అంటే మా వైపు తిరునాళ్ళలో పూలచొక్కాల వాళ్ళు ఐదుగురు. ఇక్కడ నల్లకోట్లలో పెద్దమనుషులు, ఆడవాళ్ళు, వరసలు వరసలుగా. అక్క వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి, "ఇంతమందికి భోజనాలెవరు పెడతారో" అని వెళ్ళిపోయింది. వాళ్ళ ముందు మా బృందం. క్యాసెట్ అట్ట మీద జుట్టు భుజాల దాకా వేలాడినవాళ్ళు. ఇప్పుడు ఒకాయనకు బట్టతల, ఒకాయనకు బెల్టు మీదుగా పొట్ట. గిటారాయన కుర్చీలో కూర్చున్నాడు. బావ వాళ్ళను చాలాసేపు చూశాడు.

"మనకంటే ముసలోళ్ళయిపోయార్రా" అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు.

మొదటి రెండు పాటలకు కదలకుండా కూర్చున్నాడు. కనుబొమలు ముడుచుకుని, ఎవరో దూరం నుంచి అడ్రసు చెబుతున్నట్టు. నేను ఆయన మొహం చూడ్డం మానేసి తెర చూశాను. మూడోది, అట్ట మీద రాసినట్టు, మా గెంతు పాట. అది మొదలవడానికి ముందు వయొలిన్లు చాలాసేపు సన్నగా సాగాయి. గిటారు ఎప్పుడొస్తుందో తెలియదు. బావ వేలు పైకి ఎత్తి, పెంచమన్నట్టు సైగ చేశాడు. రిమోటు అందుకుని, ఆ మసక కవరు మీద సౌండు మీట ఉండాల్సిన చోట గట్టిగా నొక్కాను.

శబ్దం పూర్తిగా ఆగిపోయింది. తెర మూలన ఆకుపచ్చ గుర్తు ఒకటి వెలిగింది. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, వంటింట్లో కుక్కరు చప్పుడు వినపడ్డాయి.

మళ్ళీ నొక్కబోయి బావ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొహంలో ఆ ముడత పోయింది. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. ముందు వేళ్ళతో, తర్వాత అరచేతితో. నాకు తెలిసిన తాళమే. పేట ఇంట్లో, తడి జుట్టుతో, టేప్‌రికార్డర్ ముందు వేసిన తాళం. పెదాలు కదులుతున్నాయి, మేం రాసుకున్న మాటలతో.

నా వేలు రిమోటు మీదే ఉంది.

తెర మీద వయొలిన్ల కమానులన్నీ ఒక్కసారిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి, చప్పుడు లేకుండా. గిటారాయన ఇంకా మొదలుపెట్టనే లేదు. తువాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. బావ మాత్రం పల్లవి దాటి, చరణం దాటి, గిటారు పైకి ఎక్కే చోటికి వచ్చేశాడు. ఎక్కుతున్నాడు. ఉన్నట్టుండి ఆయన వేళ్ళు గాల్లో ఆగాయి. రెండు దరువులు వదిలేశాయి. తర్వాత దూకి అవతల పడ్డాయి.

గోళ్ళరంగుతో అతికించిన చోటు.

బావ కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "అబ్బా... ఎంత బాగా వినపడతందిరా" అన్నాడు. గట్టిగా అన్నాడు, ఈమధ్య ఆయన అన్నీ గట్టిగానే అంటున్నట్టు. "చెప్పు మీ అక్కకి."

ఆయన అబద్ధమాడటం లేదు. ఆ సంగతి అక్కకు ఏ మాటల్లో చెప్పాలో వెతుక్కుంటున్నాను. లారీ గుర్తొచ్చింది. పాస్టరుగారి మూసిన కళ్ళు గుర్తొచ్చాయి. సోమవారం రేపే.

కుక్కరు చప్పుడు ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయిన సంగతి అప్పుడు వంటింట్లోకి అంది ఉంటుంది. అక్క పమిట కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర వైపు చూసింది. ఆకుపచ్చ గుర్తు చూసింది. కుర్చీ చేతి మీద ఆడుతున్న ఆయన చెయ్యి చూసింది, చాలాసేపు. తర్వాత నా వైపు తిరిగింది.

"టీవీలో సౌండే లేదు కదరా. మీ బావ దేనికి తాళం వేస్తన్నాడు?"