పళ్లెం అంచున ఎండుమిరపకాయలు

మొన్న ఆదివారం మదనపల్లెలో మా కూతురు వాళ్ల పక్కవీధిలో కొత్తగా తెరిచిన చైనా హోటలుకు నన్ను కూడా లాక్కుపోయారు. మా మనవరాలు నూడుల్స్‌లోంచి ఎండుమిరపకాయల్ని ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున పేరుస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. అందరూ నా వంక వింతగా చూశారు. ఏం చెప్పేది వాళ్లకు! అట్లా ఏరి పక్కన పెట్టాలని మాకు తెలియకపోబట్టే కదా, ఆ రోజుల్లో మా పుంగనూరు షెడ్డు నిలబడింది.

నేను పుట్టింది కుప్పం దగ్గరి పల్లెలో, మెట్టింది పుంగనూరులో. రెండు చోట్లా సంగటి, కారంకారంగా నూరిన ఊరిబిండి తిని పెరిగిన నోరు నాది. మా ఆయనకు ఆవులంటే ప్రాణం, లెక్కాడొక్కా అంటే తలనొప్పి. అందుకని పట్టుగూళ్ల నుంచి దారం తీసే షెడ్డు నా నెత్తిన పడింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా పాత చరఖాల దారం చూసి నేతవాళ్లు మొహం చిట్లించడం మొదలుపెట్టారు. కొత్త మిషను తెస్తే సరే, లేకుంటే షెడ్డుకు తాళమే. దాన్ని నమ్ముకుని బతికే ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి నా మొహం చూసేవాళ్లు, ఆ చూపులు నాకిప్పటికీ గుర్తే.

సరే, మా మరిదిని వెంటబెట్టుకుని చైనాకే పోయాను, అక్కడ సిచువాన్ అనే సీమకు. మరిది తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెచ్చుకున్నాడు, నేను మా అత్త దంచిచ్చిన చెనిక్కాయల కారప్పొడి డబ్బా తెచ్చుకున్నాను. మిషను నచ్చింది, బేరం కుదిరింది. చిక్కంతా దాన్ని బిగించి, మావాళ్లకు నేర్పించే ముసలి మేస్త్రీ దగ్గర వచ్చింది. ససేమిరా రానన్నాడు. అంతకుముందెప్పుడో ఏదో దేశం పోయి, అక్కడి చప్పిడి కూడు తినలేక సగమై తిరిగొచ్చాడట, మళ్లీ పొలిమేర దాటనని ఒట్టు పెట్టుకున్నాడట. వాళ్ల మాటల్ని మా మరిదికి ఇంగ్లీషులో మార్చి చెప్పడానికి మిషనువాళ్లు పెట్టిన పిల్ల ఈ సంగతి చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది. చప్పిడి కూడంట! మా సీమకా ఆ మాట!

మరునాడు మా తిరుగు ప్రయాణమనగా, మిషనువాళ్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు. మేస్త్రీ కూడా వచ్చాడు గానీ మా మొహం చూడకుండా మూల కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. అప్పుడొచ్చింది చూడండి, బేసిన్ అంత పళ్లెం నిండా ఎర్రటి ఎండుమిరపకాయలు. వాటి మధ్య దాగుడుమూతలాడుతున్నట్టు చిన్న చిన్న కోడి ముక్కలు. ఎవరింట తిన్నా విస్తట్లో మెతుకు మిగిలిస్తే ఆ ఇంటి ఇల్లాలిని అవమానించినట్టేనని పెంచారు కదా మనల్ని. ఇది మిరపకాయల కూర కాబోలు, కోడి ముక్కలు కమ్మదనానికి వేసుంటారు అనుకుని, నేనూ మా మరిదీ మిరపకాయలతో సహా నమలడం మొదలుపెట్టాం. కారం మాకేం లెక్క! కానీ అందులో మిరియం లాంటి గింజలేవో ఉండాయి, అవి తగిలేసరికి పెదాలు తిమ్మిరెక్కి, నోరు మాది కాకుండా పోయింది.

మరిది తెల్లమొహం వేసి, "వదినా, నా నాలిక యాడుండాదో సూడు, పక్షవాతమొచ్చినట్టుండాది" అన్నాడు.

"గమ్మునుండి తిను, పరువు పోతాది" అన్నాను.

కళ్లల్లోంచి ముక్కులోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ పళ్లెం ఖాళీ చేశాం. తలెత్తి చూస్తే వంటవాళ్లంతా గుమ్మంలో నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఆ మిరపకాయలు వాసన కోసమేనట, ఎవరూ తినరట! ఆ మాట చెబుతూ ఆ పిల్ల పడీపడీ నవ్వింది. మూల కూర్చున్న మేస్త్రీ బల్ల మీద చేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. అదే అదనని నా సంచిలోని డబ్బా తీసి, ఆయన అన్నం మీద పొడి వేశాను. తిన్నాడు. గిన్నె మళ్లీ చాచాడు. ఇది మా ఇంట్లో రోజూ ఉంటుందా అని అడిగించాడు. మా అత్త ఉన్నన్నాళ్లూ కొదవ లేదని చెప్పించాను. ఒట్టు గట్టున పెట్టి వస్తానన్నాడు. నాకు మళ్లీ కళ్లనీళ్లొచ్చాయి, ఈసారి మిరపకాయల వల్ల కాదు.

వచ్చాడు కూడా. పుంగనూరులో మా ఇంట్లోనే దిగాడు. తొలిరోజు పప్పులోని ఎండుమిరపకాయల్ని అలవాటుగా ఏరి పళ్లెం అంచున పెట్టాడు. మా అత్త మొహం చిన్నబోయింది. "యాలప్పా, మా మిరక్కాయలు నచ్చలేదా?" అంది. ఆయనకు భాష రాకపోయినా ఆ మొహం అర్థమైనట్టుంది. నా వంక ఒకసారి చూసి, ఏరిన మిరపకాయలన్నీ ఒక్కటి మిగలకుండా నోట్లో వేసుకుని నమిలాడు. ముసలాయన ముక్కు ఎర్రగా కందిపోయింది. మా అత్త సంబరం చూడాలి, ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

ఆ మిషను మా ఆడవాళ్ల చేతుల్లో చాలా ఏళ్లు తిరిగింది. ఇప్పుడా షెడ్డులో టమోటా పెట్టెలు పేర్చుకుంటున్నారు. మా అత్త లేదు. మేస్త్రీ ఉన్నాడో లేడో కూడా తెలియదు.

మొన్న హోటల్లో మనవరాలి పళ్లెం నా ముందుకు లాక్కుని, అది ఏరి పెట్టిన మిరపకాయలన్నీ ఒక్కొక్కటే తినేశాను. కారం బాగానే ఉంది, ఆ తిమ్మిరి మాత్రం లేదు. చైనా వంట మా కూతురి పక్కవీధికే వచ్చేసింది, సంతోషమే. కానీ ఇంత పొడి రుచి చూసి, అంత దూరం నుంచి మన ఇంటికి బయలుదేరి వచ్చే మనిషి ఇంక యాడ దొరుకుతాడు?