ఎరిచ్చల్ కోసం ఒక మొక్కు

మా ఇంట్లో ఎవరూ 'చిరాకు' అనరు. తిరువళ్ళూరులో తెలుగు మాట్లాడే మాకందరికీ అది ఎరిచ్చల్. తమిళంలో మంటకు చెప్పే మాటే. కోపం అనేంత పెద్దది కాదు. తడి తువ్వాలు కుర్చీమీద వేస్తే నా భార్యకు ఎరిచ్చల్. విభూతి నేలమీద రాలిస్తే ఎరిచ్చల్. శనివారం భజనలో నేను పాటను తొందరపెడితే మరీను. తాళాలు ఆపి అందరి ముందే అనేది: "యాడికి మామా ఆ పరుగు? మురుగడు యాడికీ పోడులే. నాకు ఎరిచ్చల్ తెప్పించొద్దు."

అరిషడ్వర్గాల గురించి భజన మఠంలో ఎన్నోసార్లు చెప్పాను. వాటిలో క్రోధం ఉంది, ఎరిచ్చల్ లేదు. ఎందుకు లేదో ఆలోచించింది మాత్రం ఆమె విషజ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి వచ్చాకే. ఒళ్ళు కుదుటపడింది. మాటా పోలేదు. కానీ ఏమడిగినా "ఊఁ" అంటుంది, పెట్టింది తింటుంది, అంతే. ఒకరోజు తడి తువ్వాలు కావాలనే కుర్చీమీద వేసి చూశాను. దాని పక్కనే సర్దుకుని కూర్చుంది.

స్కంద షష్ఠికి మా భజన గోష్ఠితోపాటు ఆమెను తిరుత్తణికి తీసుకువెళ్ళాను. ఆ రోజు మిగతా మురుగడి క్షేత్రాల్లో అసురుణ్ణి చంపే శూరసంహారం జరుపుతారు, అక్కడ జరపరు. స్వామి కోపం చల్లారిన కొండ కాబట్టి పూలు కుమ్మరిస్తారు. నేనూ పూలిచ్చి చాలాసేపు నిలబడ్డాను.

కొండ దిగుతుంటే మా డోలక్ వాయించే పెద్దాయన పట్టుకున్నాడు.

"ఏమి సామీ, అంతసేపు మొక్కినావు? నీకు యాడిది కోపం?"

"తగ్గాలని కాదన్నా. మీ మరదలికి ఎరిచ్చల్ మళ్ళీ రావాలని."

"బాగుండాది! చల్లార్చే సామిని పట్టుకొని పొయ్యి ముట్టించమంటివా!" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు.

తిరుగు రైల్లో గోష్ఠి పాట ఎత్తుకుంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. తాళాలు ఒడిలో ఊరికే పడి ఉన్నాయి. నా వంతు వచ్చింది. అలవాటు కొద్దీ పాట పరుగెత్తింది.

"ప్చ్."

పెద్దాయన చెయ్యి డోలక్ మీద ఆగిపోయింది. నేను ఆమె వైపు వంగాను. "ఏమి? ఏమంటివి?"

ఆమె ముఖం కిటికీ వైపే ఉంది. చేతులు తాళాలను తాకలేదు.

తిరువళ్ళూరు వచ్చేదాకా ఆ ఒక్క చరణమే పాడాను, ప్రతిసారీ ఇంకాస్త తొందరగా.